లేని మేడలో దీపం

"శ్రీధర్... శ్రీధర్..."

మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నా జన్మలో అదే మొదటిసారి. ఏవండీ అని రెండుసార్లు పిలిచాను. వినిపించుకోలేదు. కారు తలుపు తీసే ఉంది. హెడ్‌లైట్లు ఆర్పేశారు. ఆయన రోడ్డు పక్క ఇనుప కమ్మీ వైపు... ఒక్కో అడుగూ వేసుకుంటూ... కొండ అంచుకు నడిచి వెళ్లిపోతున్నారు.

కింద లోయలో ఊరు. మేడల నిండా దీపాలు. ఆ మేడల మధ్య ఒక చీకటి సందు. ఆ సందులో, నేలకీ ఆకాశానికీ మధ్య, గోడ అన్నది లేనిచోట —

ఒక్క దీపం.

ఆ మలుపు మంచిది కాదని నాకు ముందే చెప్పారు. నేనే వినలేదు.

వర్జీనియాలో కొండల మధ్య ఊరు మాది. పేరు చెప్పను, అక్కడ ఇంకా మనవాళ్లున్నారు. చిన్న ఊరే. కానీ కొండ దిగుతుంటే ఆ మలుపులో ఒక్కసారిగా కనిపిస్తుంది — పది పన్నెండు మేడలు, ఒకదాని భుజాన ఒకటి చెయ్యేసుకుని నిలబడ్డట్టు. దాన్ని స్కైలైన్ అంటారట. ఇంత ఊరికి అంత స్కైలైనా అని దారినపోయేవాళ్లు కారాపి మరీ చూస్తారు. తీరా కిందికి దిగితే మూడంటే మూడు వీధులు. షాపులన్నీ ఊరవతల మాల్‌కి తరలిపోయాయి. సాయంత్రం అయిదు దాటితే ఆ మేడల కింద మనిషి అలికిడి ఉండదు. దీపాలు మాత్రం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. ఎవరి కోసమో.

నిజం చెప్పాలంటే నేను ముందు ప్రేమించింది ఆయన్ని కాదు. ఆ ఊరిని.

పదో తరగతితో చదువు ఆగిపోయి, వారపత్రికల్లో సీరియళ్లు చదువుకుంటూ ఇంట్లో కూర్చున్న రోజులవి. ఎనభై రెండు వేసవిలో ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఆయన ఫోటో ఒకటి, రాత్రిపూట తీసిన ఊరి పోస్టుకార్డు ఒకటి. ఫోటో మా అమ్మ బీరువాలో దాచింది. పోస్టుకార్డు నేను దిండు కింద పెట్టుకున్నాను. ఎడమ పక్క ఇరవై అంతస్తుల బ్యాంకు. దాన్నానుకుని, నెత్తిన ఎర్ర అక్షరాలతో పాత హోటలు. ఆ పక్కన పచ్చ టోపీ పెట్టుకున్నట్టుండే ఇన్సూరెన్స్ బిల్డింగు. ఏ కిటికీలో దీపం ఉందో, ఏ కిటికీలో లేదో నాకు కంఠతా వచ్చు. ఒక్కో కిటికీలో ఒక్కో జంటను ఊహించుకునేదాన్ని.

పెళ్లయ్యాక వీసా వచ్చి నేను దిగింది ఎనభై నాలుగు ఏప్రిల్లో. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ ఆ మలుపు తిరిగాం. నా పోస్టుకార్డు అలాగే లేచి నిలబడింది ఎదురుగా. కానీ మధ్యలో పన్ను ఊడినట్టు సందు.

హోటల్ ఏదండీ అన్నాను.

పడగొట్టారు అన్నారు. కారు స్పీడు పెంచారు.

ఆ తర్వాత చీకటి పడితే ఆయన ఆ దారిన వచ్చేవారు కాదు. పద్నాలుగు మైళ్లు చుట్టు తిరిగి వచ్చేవారు. ట్రాఫిక్ అనేవారు. ఆ ఊళ్లో ట్రాఫిక్కు!

అసలు సంగతి నాకు చెప్పింది వసుమతిగారు. డాక్టరుగారి భార్య, ఊళ్లో ఉన్న పదకొండు తెలుగు ఇళ్లకూ పెద్దదిక్కు. దీపావళికి అందరం వాళ్లింట్లో చేరాం. మగవాళ్లు బేస్‌మెంట్‌లో పేకాట. ఆవిడ గారెలు తీస్తూ, నూనె చప్పుడు కంటే తక్కువ గొంతుతో చెప్పారు.

ఆ హోటల్లో లిఫ్టు నడిపే ముసలాయన ఉండేవాడట. ఎల్లిస్ అని. ముప్పై ఏళ్లు ఆ లిఫ్టులోనే పైకీ కిందికీ తిరిగాడు. హోటలు మూసేశాక కూడా ఎవరి కంటా పడకుండా లోపలే ఎక్కడో పడుకునేవాడని చెప్పుకునేవారు. కొత్త టవరు కడతామని బ్యాంకువాళ్లు హోటలు కొన్నారు. ఒక ఆదివారం పొద్దున మందు పెట్టి పేల్చారు. జనం మడత కుర్చీలూ, కాఫీ ఫ్లాస్కులూ తెచ్చుకుని ఆ మలుపులోనే కూర్చుని చూశారట, తిరునాళ్లలాగా. పదకొండు సెకన్లలో అంత మేడా నేలమట్టం. తర్వాత టవరూ లేదు, ఏమీ లేదు. ఆ ముసలాయన్ని చూసినవాళ్లూ లేరు.

"ఒహాయోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడంటారు కొందరు," అన్నారు వసుమతిగారు. "మరి కొందరేమో..."

గరిట పక్కన పెట్టారు.

"చీకటి పడ్డాక ఆ సందులో దీపం కనిపిస్తుందమ్మాయ్. పైకి పోదు, కిందికి రాదు. ఒకేచోట. లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టు."

ఆవిడ నవ్వేసి, మీ ఆయన్ని అడుగు, వాళ్ల కంపెనీయే గదా పడగొట్టింది, వింటే నవ్వుతాడు అన్నారు.

ఆ రాత్రే అడిగాను. ఆయన నవ్వలేదు.

అప్పట్నుంచి నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. వచ్చిన కొత్తలో అమ్మకి ఉత్తరం రాస్తూ, మేముండేది మొదటి అంతస్తు అని రాశాను. మెట్లెక్కి వెళ్లే ఇల్లు మరి, మన దగ్గర అలాగే అంటాం గదా. ఆయన భుజం మీంచి చూసి పెన్ను లాక్కున్నారు. ఇక్కడ నేల మీదున్నదే మొదటిది, మనది రెండోది, ఎన్నిసార్లు చెప్పాలి అని కసిరారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి! కాగితం చినిగేలా కొట్టేసి దిద్దారు. ఏ మేడ మెట్లెక్కినా ఆయన పెదాలు కదులుతూ ఉంటాయి. నిద్రలో కూడా కదులుతాయి.

ఇంకొకటి. ఆయన సొరుగులో, జేబురుమాల్లో చుట్టి, ఒక ఇత్తడి అంకె. అరచేతి పొడవు, రెండు మేకుల కన్నాలతో. ఎనిమిది.

నాకు అర్థమైపోయింది అనుకున్నాను. ఎనిమిదో నంబరు గది. ఎవరో అమ్మాయి. ఆ హోటల్లోనే పరిచయం అయి ఉంటుంది. ఏమైందో ఏమో, ఆ గది లేదు, ఆ అమ్మాయి లేదు. ఆ దీపం ముసలాయనది కాదు, ఆమెది... ఈయన కోసం ఎదురుచూస్తూ...

రెండు రాత్రులు ఏడ్చాను. సగం బాధతో. సగం — ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది — ఆ కథ అందంగా ఉందని.

కానీ ఆ కథలో నేనెక్కడా లేను. అది మాత్రం భరించలేకపోయాను. నా పెళ్లిలో మూడో మనిషి ఉందో లేదో నాకు తెలియాలి. నవంబరులో ఒక శనివారం, స్నేహితుల ఇంట్లో భోజనం చేసి తిరిగొస్తుంటే, ఈ రాత్రి ఆ మలుపు దారినే వెళదాం అన్నాను. వద్దన్నారు. వెళ్లకపోతే రేపే నాకు టికెట్ బుక్ చేసేయండి, మా అమ్మ దగ్గరికి పోతాను అన్నాను.

ఆయన కారు ఆ దారినే తిప్పారు.

మలుపులో మేం తప్ప ఎవరూ లేరు. కారాపారు. హెడ్‌లైట్లు ఆర్పారు. దిగారు. ఆ తర్వాత నేను పిలవడం... ఆయన వినకపోవడం...

పరుగెత్తుకెళ్లి చొక్కా పట్టుకున్నాను. కమ్మీకి ఆనుకుని నిలబడ్డారు. వేలు ఎత్తి, సందు పక్కనున్న బ్యాంకు కిటికీల వరసలు కింద నుంచి లెక్కపెడుతున్నారు. చలికి నోట్లోంచి పొగలు. ఏడు అన్నారు. వేలు ఇంకొక్క వరస పైకి జరిగింది. ఆ వేలికి తిన్నగా, సందులో, ఆ దీపం.

"ఎనిమిది," అన్నారు. ఊపిరితో.

రండి, పోదాం రండి అంటూ ఆయన్ని పక్కకి లాగాను. కమ్మీ వెంబడే పది పన్నెండు అడుగులు లాక్కుపోయాను. తలెత్తి చూస్తే —

దీపం లేదు.

భయంతో వెనక్కి అడుగులు వేశాను. మళ్లీ వెలిగింది. ముందుకు వేశాను. పోయింది.

అప్పుడు తట్టింది నాకు. చిన్నప్పుడు మా దొడ్లో కొబ్బరిచెట్ల వెనక చందమామతో ఆడుకున్న ఆటే ఇది. మనం జరిగితే చందమామ చెట్టు చాటుకు పోతాడు. ఈ దీపమూ బ్యాంకు చాటుకు పోతోంది. అంటే అది సందులో లేదు... సందు వెనక ఉంది. అవతల కొండ మీద ఎవరి ఇంటి వరండాలోనో వెలుగుతోంది. హోటలు ఉన్నన్నాళ్లూ అడ్డంగా ఉండేది. హోటలు పోయాక కనిపిస్తోంది. అంతే.

నాకు నవ్వాగలేదు. ఏవండీ, దెయ్యం లేదు, గియ్యం లేదు, ఇలా వచ్చి చూడండి అని చెయ్యి పట్టి అటూ ఇటూ నడిపించాను. ఆయన చూశారు. అర్థమైంది. ఇంజనీరు గదా.

అయినా మొహంలోకి రక్తం రాలేదు. మెల్లగా ఆ కంకర మీదే కూలబడిపోయారు.

నా నవ్వు ఆగిపోయింది. పక్కన కూర్చున్నాను. రెండు రాత్రులు దాచుకున్న మాట అడిగేశాను.

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"అమ్మాయా..." అన్నారు. ఆ మాట ఎక్కడో వినబడ్డట్టు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. నా వైపు చూడలేదు, ఆ దీపం వైపే చూస్తూ.

పేల్చే ముందురోజు సాయంత్రం, లోపల ఎవరూ లేరని అంతస్తు అంతస్తూ తిరిగి చూసి సంతకం పెట్టాలట. వేన్ అనే తోటి ఉద్యోగి ఒకటి నుంచి ఏడు. ఈయన ఎనిమిది నుంచి పన్నెండు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. మెట్ల తలుపుల మీది ఇత్తడి అంకెలన్నీ అంతకు ముందే వేలంలో అమ్మేశారు. చేతిలో టార్చి. ఈయన మెట్లు ఎక్కుతూ మనసులో లెక్కపెట్టుకున్నారు... చిన్నప్పట్నుంచీ అలవాటైన లెక్క. నేల మీదున్నది లెక్కలోకి రాదు, దాని పైది ఒకటి. అలా ఎనిమిది లెక్కపెట్టి, అక్కణ్నుంచి చూసుకుంటూ పోయారు. ఇక్కడివాళ్ల లెక్కలో అది తొమ్మిది.

అయిదు అంతస్తులు ఉండాల్సినచోట నాలుగే వచ్చాయి. ఆ పైన నీళ్ల ట్యాంకు గది. దాన్నే పన్నెండో అంతస్తు అంటున్నారు కాబోలు అనుకున్నారు. అలిసిపోయారు. టార్చి కూడా మినుకుమంటోంది. సంతకం పెట్టేశారు.

ఆ ఇత్తడి ఎనిమిది, ఏడాది తర్వాత పాత సామాన్ల షాపులో కనిపించిందట. కొనకుండా ఉండలేకపోయారు.

ఒహాయోకి ఫోన్ చేశారా, ఆ ముసలాయన కూతురు ఉందేమో అన్నాను. ఎన్నిసార్లో రిసీవర్ ఎత్తాను, ఆయన అక్కడికి రాలేదంటారేమోనని పెట్టేశాను అన్నారు.

పొరపాటు గదండీ అన్నాను. తెలియక జరిగింది గదా. మీకు తర్వాతెప్పుడో గదా తెలిసింది...

ఆయన తల అడ్డంగా ఊపారు.

అవతల కొండ మీద ఆ ఇంటివాళ్లెవరో పడుకోబోతున్నట్టున్నారు. దీపం ఆరిపోయింది. సందు పూర్తిగా చీకటైంది. ఆయన గొంతొక్కటే మిగిలింది.

"మూడు సైరన్లు మోగిస్తారు రేణూ, మూడోదానికి పేలుస్తారు. రెండో సైరన్ మోగినప్పుడు నేను ఇక్కడే నిలబడి ఉన్నాను, ఈ కమ్మీ దగ్గర. ఊరికే కిటికీలు లెక్కపెట్టాను, అందరిలాగే కింద నుంచి. ట్యాంకు గది కలపకుండానే పన్నెండు వరసలు. అప్పుడు తెలిసింది. ఎనిమిదో వరసలో తళుక్కుమని ఏదో మెరిసింది. ఎండకు అద్దం అనుకుందామంటే... అద్దాలన్నీ ముందువారమే తీసేశాం."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

"పక్కనే పోలీసాయన, చేతిలో వైర్‌లెస్. ఒక్క మాట చాలు. నా గ్రీన్‌కార్డు కాగితాలు కంపెనీ దగ్గరున్నాయి. నీ ఫోటో నా జేబులో ఉంది. మూడో సైరన్‌కి ఇంకా రెండు నిమిషాల టైముంది..."

నా చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎనిమిదో అంతస్తు ఎవరూ చూడలేదని నాకు తెలుసు. తెలిసీ... నేను నోరు విప్పలేదు."