నలభై ఒక్క పాదరూపాలు

విశాఖ సముద్రం మీద తేలే విమానకేంద్రంలో, ఆగమన ద్వారం ముందు నేలమీద ఒక పసుపు గీత ఉంటుంది. 2091లో ఆ గీత దగ్గర ప్రతి ఆడమనిషీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో కాళ్లకున్న జోడు తనంతట తాను కదులుతుంది. రోమ్‌లో సూదిలా తేలిన మొన ముడుచుకుంటుంది, మడమ దిగుతుంది, బొటనవేలి పక్కన పట్టీ మొలుస్తుంది. అది భారతరూపం. టోక్యోలో దిగితే ఇంకో రూపం, రియోలో మరొకటి. మొత్తం నలభై ఒకటి.

ఈ దేశరూపి జోడును తయారుచేసిన వాళ్లలో డాక్టర్ నీరజాక్షి ఒకరు. విద్యుత్తు తగిలితే ఆకారం మార్చుకునే షేప్ మెమరీ పాలిమర్‌ను దారంగా తీసి నేసింది ఆమే. దానికి ఆకృతితంతువు అని పేరు పెట్టిందీ ఆమే. భారతరూపమైతే మొత్తం ఆమె చేతి పని. పట్టీ మొదట్లో ఉండే చిన్న ముడిని పదిసార్లు విప్పి అల్లింది. మొదటి జోడు తొడుక్కుని ఇల్లంతా తిరిగి చూపించింది చెల్లెలు ఉదయిని.

అడుగు అట్టలో ఇంకో ఏర్పాటు ఉందని నీరజాక్షికి చాలా ఆలస్యంగా తెలిసింది. జోడు ఎక్కడ కాలిని నొక్కితే అక్కడి నరాన్ని సన్నటి విద్యుత్తుతో నిద్రపుచ్చుతుంది. కంపెనీ దానికి స్పర్శరోధం అని పేరు పెట్టింది. రూపం వదులు చేయడం కన్నా నొప్పి తెలియకుండా చేయడం వాళ్లకు తేలికనిపించింది.

ఉదయిని దుబాసీ. వారానికి నాలుగు దేశాలు తిరిగేది. తొమ్మిది నెలల కిందట కాలికి పుండు పడింది. నొప్పి లేదు కనుక చూసుకోలేదు. అక్క ఆసుపత్రికి చేరేసరికి వేళ్లు తీసేశారు. విషం ఒళ్లంతా పాకి మూడోరోజుకు మనిషే లేదు. ఏ రూపంలో గాయమైందో చెప్పమని నీరజాక్షి రాసిన ప్రతి ఉత్తరానికీ కంపెనీ ఒకే జవాబిచ్చింది: వివరాలు గోప్యం.

ఆ వివరాలు తెరిపించే అధికారం, స్పర్శరోధాన్ని తీసేసే అధికారం నలభై ఒక్క దేశాల సభ్యులున్న పాదరూప మండలికే ఉన్నాయి. మండలి ఆరోజు విశాఖ కేంద్రంలోనే కూడింది. సభలోకి రావాలంటే ఆడవాళ్లు ఆ జోడు వేసుకుని తీరాలి. నీరజాక్షి కూడా వేసుకునే వచ్చింది.

ఆమె గొంతు పెంచకుండా మాట్లాడింది. రోమ్ మొనలో అయిదు వేళ్లు మూడు వేళ్ల చోటులో ఇరుక్కుంటాయని చెప్పింది. టోక్యో మడమ మోకాలిని లోపలికి తిప్పుతుందని లెక్కలు చూపింది. భారత సభ్యుడు కామేశం ఆమె తండ్రికి స్నేహితుడు. పక్కకు వంగి, మన రూపం గురించి ఏం చెప్పమంటావని అడిగాడు.

"మనదానికేం బాబాయ్. అమ్మమ్మల నాటి తీరు. దాన్ని వదిలేయండి."

తర్వాత సభలో వాదం రేగింది. రోమ్ సభ్యురాలు ఫియొరెత్తి, టోక్యో జోడు వేసుకుంటే గుర్రానికైనా కాలు మడతపడుతుందంది. మీ మొనతో కూరగాయలు తరుక్కోవచ్చని టోక్యో సభ్యుడు ఒగాతా నవ్వాడు. ప్రతి దేశమూ పక్క దేశం జోడును క్రూరమంది. తన దేశానిది మాత్రం అలవాటంది.

నియమం ప్రకారం ఏ రూపంలోనైనా మార్పు రావాలంటే ఆ దేశమూ ఒప్పుకోవాలి. స్పర్శరోధం తీసేయాలా అని ఒక్కో రూపానికీ ఓటు పెట్టారు. ప్రతిసారీ నలభై చేతులు లేచాయి. ప్రతిసారీ లేవని ఆ ఒక్క చెయ్యి రూపం సొంతదారుది. భారతరూపం వంతు వచ్చినప్పుడు కామేశం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. నలభై ఒక్క తీర్మానాలూ వీగిపోయాయి.

నీరజాక్షి కూర్చోలేదు. తన చెల్లెలి కాలి వివరాలు సభ ఎదుటే తెరవమంది. తప్పు రోమ్ మొనదేనని ఆమె నమ్మకం. వాటిని విన్నాక ఫియొరెత్తి ఆ చెయ్యి ఎలా దించుకుని కూర్చుంటుందో చూడాలని ఉందని, ఆమె వైపే చూస్తూ అంది. అధ్యక్షుడు అనుమతించాడు. జోళ్లన్నిటినీ నడిపే మండలి యంత్రం పాదసాక్షి గొంతు విప్పింది.

"గాయం, కుడి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య. జోడు పదకొండు గంటలు విప్పలేదు. నరం నలభై రెండుసార్లు మొరపెట్టుకుంది. ప్రతిసారీ నిద్రపుచ్చాను."

"ఏ రూపంలో?" అంది నీరజాక్షి.

"భారతరూపం. కారణం పట్టీ ముడి."

 ఫియొరెత్తి ఒక మాట అని ఉంటే బాగుండుననిపించింది నీరజాక్షికి. తొమ్మిది నెలలుగా దాచుకున్న కోపాన్ని పెట్టడానికి ఆ సభలో ఒక్క ముఖం కూడా మిగల్లేదు.

"మన ఓటు మళ్లీ అడగండి బాబాయ్."

"అందరూ తమవి దాచుకుంటుంటే మనదొక్కటీ మనమే తప్పుపట్టుకోవడం ఏమిటమ్మా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనివ్వండి. చెయ్యెత్తండి."

 కామేశం ఓటు మళ్లీ పెట్టమని అధ్యక్షుణ్ణి అడిగి, నెమ్మదిగా చెయ్యెత్తాడు. మిగతా నలభై చేతులు చటుక్కున లేచాయి. పరాయి రూపమే కదా.

నీరజాక్షి కాగితాలు సర్దుకుని తలుపు వైపు నడిచింది. తీర్మానం అమలైనట్టు పాదసాక్షి ప్రకటించేసరికి ఆమె సభామందిరం సగం దాటింది. ఆ తర్వాతి మూడో అడుగులో కుడికాలి బొటనవేలి పక్కన చురుక్కుమంది. అయిదో అడుగుకు అది కోతయింది. వంగి చూసింది. అక్కడి చర్మం ఎప్పుడో చిట్లింది. నెత్తురు ఆరి ముడికి అంటుకుని ఉంది, అది ఎన్నాళ్లనాటిదో ఆమెకు తెలియదు.

బయట పసుపు గీత దగ్గర ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఆగి, తలలు వంచి, తమ కాళ్ల వైపు చూసుకుంటున్నారు.