గాలి లేని రోజు తిరిగిన ఫంకా

పొద్దున్నే దొడ్డి ఊడుస్తున్న చెంచులక్ష్మి చీపురు కింద పడేసింది. పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండు చూలు గొర్రెలూ లేవు.

"ఏమయ్యా, నా గొర్రెలేవి?"

కప్పు మీద గుంజ పాతుతున్న యల్లయ్య తల తిప్పలేదు. "కంభంలో లారీ మేస్త్రీకి తోలిచ్చినా. పాత డైనమో, బ్యాటరీ ఇచ్చినాడు."

"ఇనప ముక్కలకా? నాకు పాలు చాలక పిల్లోడు ఏడుస్తాంటే, ఈనబోయే జీవాలను ఇచ్చినావా!"

"అమ్మ కోసమేలేవే."

తెల్లదొరలు పోయి ఏడేళ్లు, కొత్త రాష్ట్రం వచ్చి ఏడాదైనా అర్ధవీడు వైపు పల్లెల్లో కరెంటు మాటే తప్ప స్తంభం లేదు. యల్లయ్య తల్లి గురమ్మకు చూపు తగ్గిపోతోంది. ఎండలో కళ్లు తెరవలేదు. కిరసనాయిలు బుడ్డి దగ్గర పెడితే పొగకు నీళ్లు కారతాయి. మనవడు పుట్టి నెల దాటినా వాడి ముఖం సరిగా చూసుకోలేదు. పొగలేని దీపం ఒక్కటుంటే, చూపు పూర్తిగా పోయేలోపు చూపించవచ్చని కొడుకు ఆశ. ఆశపడ్డవాడికి ఎవరు చెబితే మాత్రం వింటాడు?

వేపచెక్కతో చెక్కిన రెక్కలను డైనమోకు బిగించి గుంజకు కట్టాడు. తీగలు తెచ్చి బ్యాటరీకి కలిపాడు. గాలికి రెక్కలు తిరిగితే కరెంటు పుట్టి బ్యాటరీలో నిండాలి. ఆ పూట ఆకు కూడా కదలడం లేదు. అయినా ఫంకా గిర్రున తిరిగింది!

"చూడే! గాలి లేకున్నా తిరుగుతాంది!"

వసారాలో గురమ్మ చేతులెత్తి మొక్కింది. "మార్కాపురం చెన్నకేశవుడే తిప్పుతాన్నాడు నాయనా."

దేవుడు కాదు, తిప్పుతున్నది బ్యాటరీ. గాలి లేనప్పుడు అందులోని కరెంటే వెనక్కి వచ్చి డైనమోను తిప్పుతుందని, దాన్ని ఆపడానికి మధ్యలో కటౌట్ అనే పరికరం ఉండాలని పాపం యల్లయ్యకు ఎవరూ చెప్పలేదు. తిరిగినంతసేపూ బ్యాటరీ నిండుతోందనుకుని మురిసిపోయాడు. సాయంత్రానికి అది కాస్తా ఖాళీ అయింది.

పొద్దుగూకాక తలుపు మూశాడు. కిటికీ లేని ఇల్లు. గురమ్మ ఒళ్లో మనవణ్ణి పెట్టుకుని కూర్చుంది.

"కలుపుతాన్నానమ్మా. వాని ముఖం చూడు."

బల్బులో తీగ ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయింది. ఇల్లంతా కటిక చీకటి. పొద్దుటి నుంచి దాచుకున్న తిట్లన్నీ చెంచులక్ష్మి నాలుక చివరికి వచ్చాయి.

అంతలో గురమ్మ నవ్వింది. "అబ్బ! ఎంత వెలుగు నాయనా! పట్టపగలు మాదిరుండాదే! పిల్లోడు అచ్చం నీ పోలికే. ముక్కొక్కటి కోడలిది."

యల్లయ్యకు అప్పుడు అర్థమైంది. అమ్మకు చూపు ఎప్పుడో పోయింది. ఆ సంగతి తెలిస్తే కొడుకు కుంగిపోతాడని అబద్ధమాడుతోంది. దీపం వెలగలేదని కూడా ఆ తల్లికి తెలియలేదు.

తిట్లన్నీ మింగేసి చెంచులక్ష్మి గొంతు సవరించుకుంది.

"ఔనత్తా. ముక్కు నాదే. బో వెలుగుండాది."

చీకట్లో తడుముకుంటూ వచ్చి, అత్తకు వినపడకుండా, ఏడుస్తున్న భర్త నోటికి తన కొంగు అడ్డం పెట్టింది.