దంతావళ చక్రవర్తి ఉప్పు

తార్నాకలో మా ఇల్లు మెట్రో స్టేషన్ వెనక గల్లీలో, పై అంతస్తులో. సాయంత్రం టీ తాగి యూనివర్సిటీలోకి నడిచి రావడం నాకు అలవాటు. లోపల చెట్ల కింద గాలి చల్లగా ఉంటుంది. నెమళ్ళు అరుస్తుంటాయి. పోటీ పరీక్షల పిల్లలు బండల మీద కూర్చుని పాఠాలు గొణుక్కుంటుంటారు. భయపడవలసిన చోటేమీ కాదది.

మొన్న కార్తీకంలో నా మనుమరాలు శైలజ ఒక పని చెప్పింది. అక్కడే ఎం.ఏ. చదువుతున్నది.

"తాత, మా దోస్తు శ్రీలలిత నాటకం వేస్తున్నది. ఫౌజులో కొత్తగా చేరినోళ్ళ కథ. మాకేమో సక్కగ నిలబడుడు కూడ రాదు. నువ్వే నేర్పియ్యాలె."

"ఏ ఫౌజు?"

"దంతావళ సామ్రాజ్యం ఫౌజు."

"గా సామ్రాజ్యం ఎక్కడున్నది?"

"ఎక్కడ లేదు. శ్రీలలితనే కల్పించి రాసింది."

నేను సైన్యంలో డ్రిల్ ఉస్తాదుగా పనిచేసినవాణ్ణి. చేరేనాటికి నాకు అక్షరం రాదు. పగలు మైదానంలో కవాతు, రాత్రి లాంతరు కింద అ ఆలు నేర్చుకున్నాను. ఏ పనైనా సగం నేర్పితే నేర్పనట్టే అని నా నమ్మకం. ఆ మాట ముందే చెప్పి ఒప్పుకున్నాను.

పాత హాస్టల్ వెనక మైదానంలో పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఒకపక్క నల్ల బండలు, ఒకపక్క సీతాఫలం పొదలు. శ్రీలలిత సన్నగా, కళ్ళద్దాలతో, చేతిలో కాగితాలతో వచ్చింది. వాళ్ళది కాకినాడ వైపు.

"తాతగారూ, మరీ గట్టిగా అరవకండి. వీళ్ళు అలిగి వెళ్ళిపోతే నాకు సైన్యం లేదు."

"అలిగేటోడు ఫౌజుకు ఎందుకమ్మా" అన్నాను.

పొడుగువాళ్ళను కుడికి, పొట్టివాళ్ళను ఎడమకు నిలబెట్టాను. అందరికన్నా పొడుగు శైలజే. కుడి చివర నిలబడింది. తరువాత 'దాహినే సజ్' నేర్పాను. ఆ మాట వినగానే అందరూ తల కుడికి తిప్పి, పక్కవాడి భుజం చూసి వరస సరిచేసుకోవాలి. కుడి చివర ఉన్న మనిషి మాత్రం తల తిప్పకూడదు. ఆ మనిషిని మార్కర్ అంటాం. మార్కర్ ఎదురుగా చూస్తూ రాయిలా నిలబడితే మిగతా వరసంతా ఆ ఒక్కరినిబట్టి నిలబడుతుంది. మార్కర్‌కు కుడిపక్కన చూడటానికి ఎవరూ ఉండరు.

పిల్లలు తొందరగానే పట్టుకున్నారు. నరేందర్ అని ఒక నల్గొండ పిల్లగాడు ఉన్నాడు, వాడి నోరు ఊరుకోదు. "ఉస్తాద్, సామ్రాజ్యంల క్యాంటీన్ ఉన్నదా, మనమే వండుకోవాల్నా?" అంటాడు. అయినా వాడి మడమలు సరిగ్గా కలిసేవి.

కొన్నాళ్ళకు ప్రమాణం చేసే ఘట్టం వచ్చింది.

"జెండా ముందు చెయ్యి చాపి చెప్తారండీ" అంది శ్రీలలిత.

"జెండా తరువాత. మొదలు ఉప్పు తినాలె. ఉప్పు తిననోడు సిపాయి కాడు."

"ఇది నాటకమండీ తాతగారూ."

"నాటకమైతే నన్నెందుకు పిలిచినవు? నీ మనుషులే ఉత్తగ నిలబడితె సరిపోదా?"

శైలజ నవ్వింది. "లలితా, ఒప్పుకో. మా తాత పట్టు పడితే మెట్రో కూడ ఆగుతది."

తార్నాక కిరాణా కొట్టులో దొడ్డుప్పు కొని స్టీలు పళ్ళెంలో పోసుకుని వెళ్ళాను. ఎడమ నుంచి ఒక్కొక్కరి ముందూ ఆగాను. ఒక్కొక్కరూ రెండు రాళ్ళు నాలుక మీద వేసుకుని నేను చెప్పిన మాట చెప్పారు.

"దంతావళ చక్రవర్తి ఉప్పు తింటున్నాను. ఆయన విడిచిపెట్టేదాకా వరస విడవను."

"బీపీ ఉన్నోళ్ళకు మాఫీ ఉన్నదా ఉస్తాద్?" అన్నాడు నరేందర్. అందరూ నవ్వారు. చివరికి శైలజ తిన్నది. పళ్ళెంలో ఇంకా సగం ఉప్పు మిగిలింది. దాన్ని ఆమె కుడిపక్కన నేల మీద పెట్టి, ముందుకు వచ్చి కవాతు చేయించాను.

తిరిగి చూస్తే పళ్ళెం ఖాళీగా ఉంది. నాకినట్టు తడిగా మెరుస్తున్నది.

కుక్క అయి ఉంటుందనుకున్నాను. కానీ కుక్క అంత ఉప్పు తింటుందా?

మర్నాడు పొద్దు గూకుతుండగా వరస కట్టారు. "దాహినే సజ్" అన్నాను. తలలన్నీ కుడికి తిరిగాయి.

శైలజ తల కూడా తిరిగింది.

"మార్కర్, సామ్నే" అని గద్దించాను. "నువ్వు తల తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"నేను మార్కర్ ఎట్లయిత తాత?" అంది శైలజ మెల్లగా. "నా పక్కకు ఉన్నడు గద."

ఆమె పక్కన మట్టి తప్ప ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది. ముసలివాణ్ణి ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నరేందర్ వైపు చూశాను. వాడు పెదవులు బిగించి ఎటో చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడేమో. ఇదంతా ఫోనులో తీయించి అందరికీ చూపించాలని శ్రీలలిత పన్నిన ఎత్తేమో.

కోపంతోనే కాసేపు కవాతు చేయించి, ఆగమని "థమ్" అన్నాను. కాళ్ళన్నీ ఒక్క దెబ్బగా నేలను తాకాయి. ఆ తరువాత, కొంచెం ఆలస్యంగా, ఇంకొక కాలు పడింది. బరువైన కాలు. పిల్లలందరివీ రబ్బరు బూట్లు. ఆ చప్పుడు ఇనుప నాడాలు కొట్టిన తోలు బూటుది.

"స్పీకర్ ఎక్కడ పెట్టినవమ్మా?" అని శ్రీలలితను అడిగాను.

"ఏ స్పీకరండీ?" అంది. ఆ ముఖంలో అబద్ధం దొరకలేదు. అయినా నేను నమ్మలేదు. పొదలన్నీ వెతికాను. చీమలు, పాత చిప్స్ కవర్లు తప్ప ఏమీ లేవు.

మర్నాడు పట్టపగలు ఒంటరిగా వెళ్ళాను. శైలజ నిలబడే చోటు నాకు తెలుసు. ఆమె బూటు గుర్తులు ఉన్నాయి. వాటి కుడిపక్కన ఇంకొక జత గుర్తులు. మడమలు కలిసి, ముందువైపు విడిగా, లోతుగా దిగబడి ఉన్నాయి. నేను నేర్పినదానికన్నా సరిగ్గా ఉన్నాయి. వంగి చూశాను. తడిసిన తోలు వాసన వచ్చింది. ఆ చోటికి నడిచి వచ్చిన అడుగులు లేవు. వెళ్ళిన అడుగులు కూడా లేవు.

అప్పటికీ ఎవరో నిచ్చెన వేసి ఉంటారని, కర్రతో గుచ్చి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. మనిషిని అనుమానించడం తేలిక. మనిషి కానిదాన్ని అనుమానించాలంటే ముందు అది ఉన్నదని ఒప్పుకోవాలి.

ఆ రాత్రి అన్నాల దగ్గర కోడలు అంది, "మామా, మీ మనుమరాలికి జర చెప్పండి. ఉప్పేసిన కూర ముట్టుతలేదు. ఉత్తన్నం, పెరుగు. ఏందే అంటే మాట్లాడది."

శైలజ కంచం ముందు నిటారుగా కూర్చుంది.

"డైటా బిడ్డా?" అని అడిగాను.

"ఒకరి ఉప్పు తిన్నంక ఇంకొకరి ఉప్పు తినొద్దు" అంది. అది నేను మైదానంలో చెప్పిన మాట కాదు. మా పాత ఫౌజులో సిపాయిలు తమలో తాము చెప్పుకునే మాట. ఆమెకు నేనెన్నడూ చెప్పలేదు.

"రేపు కూచ్ ఉన్నది తాత. పొద్దు గూకినంక బయలుదేరాలె."

"ఎక్కడికి?"

"సరిహద్దుకు."

"ఏ సరిహద్దు బిడ్డా?"

బుద్ధి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. 

మర్నాడు ఆమెను ఇంట్లోంచి కదలనివ్వలేదు. తలుపుకు గొళ్ళెం వేసి కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నాను. ఆమె గొళ్ళెం వైపు చూడను కూడా చూడలేదు. గది మధ్యలో నిలబడి, ఉన్నచోటే కాళ్ళు ఎత్తి వేయడం మొదలుపెట్టింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మధ్యాహ్నానికి కింది వాటా వాళ్ళు పైకి వచ్చి, "ఏమండీ, మా సీలింగు కూలేలా ఉంది" అన్నారు. కోడలు ఏడుస్తూ ఆమె కాళ్ళు పట్టుకుంది. కాళ్ళు ఆగలేదు. సాక్సులు ఎర్రగా తడిశాయి.

ఆపితే కాళ్ళు పోతాయి. వదిలితే మనిషి పోతుంది. ఏ వరసలో ప్రమాణం చేసిందో, ఆ వరసలోనుంచే ఆమెను విడిపించాలి. ఇంకో దారి నాకు తోచలేదు.

శ్రీలలితకు ఫోన్ చేశాను.

"అమ్మా, నీ నాటకంలో చక్రవర్తి వేషం ఎవరిది?"

"ఎవరిదీ కాదండీ. పేరు ఒక్కటే వినిపిస్తుంది. స్టేజి మీదికి రాడు."

"వీళ్ళను విడుదల చేసేది ఎక్కడ ఉన్నది?"

కాగితాలు తిరగేసిన చప్పుడు. "అది రాయలేదు తాతగారూ. యుద్ధానికి వెళ్ళడంతో అయిపోతుంది." తరువాత గొంతు తగ్గించి అడిగింది. "మీరు త్వరగా వస్తారా? అందరూ మైదానంలోనే ఉన్నారు. నేను రిహార్సల్ పిలవలేదండీ."

గొళ్ళెం తీశాను. కాస్త ఉప్పు పొట్లం కట్టి జేబులో వేసుకుని శైలజ వెనకే నడిచాను. తార్నాక చౌరస్తాలో ఆటోలు, బస్సులు, జనం. వాటన్నిటి మధ్య ఆమె అడుగు ఒక్కసారి కూడా తప్పలేదు.

మైదానం చేరేసరికి చీకటి పడింది. ఆ వైపు లైట్లు వెలగలేదు. నెమళ్ళు అరవడం లేదు. పిల్లలు వరస కట్టి ఉన్నారు. శైలజ పోయి తన చోట నిలబడింది. శ్రీలలిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"నరేందర్ కూడా మాట్లాడట్లేదండీ" అంది గుసగుసగా.

నేను ముందుకు వచ్చి, నిండు గొంతుతో "విసర్జన్" అన్నాను. ఆ మాటతో వరస చెదిరిపోవాలి. ఎవరి దారిన వాళ్ళు పోవాలి.

ఎవరూ కదలలేదు.

మళ్ళీ అన్నాను. గాలి లేదు... ఆకు కదలలేదు... తోలు వాసన మాత్రం దగ్గరికి వచ్చింది.

"ఆయన చెప్పాలె తాత" అంది శైలజ. పెదవులు కదలకుండా.

వరస ఉస్తాదును చూడదు. మార్కర్‌ను చూస్తుంది. మార్కర్ జాగా ఎవరిదో, వరస వాళ్ళది. కానీ ఉప్పు తిననివాడికి వరసలో జాగా లేదు.

పొట్లం విప్పాను. ఉప్పు నోట్లో పోసుకున్నాను. "దంతావళ చక్రవర్తి ఉప్పు తింటున్నాను" అన్నాను. వరస విడవననే రెండో వాక్యం అనలేదు. అది నా మొండితనమే అనుకోండి.

శైలజ కుడిపక్కకు వెళ్ళాను. ఆ రెండు గుర్తులు ఉన్న చోట కాలు పెట్టాను. నేల చల్లగా ఉంది... మెత్తగా ఉంది.

నా కుడి భుజానికి ఏదో తగిలింది.

అది తోయలేదు. కొంచెం జరిగింది. రైలులో తోటి ప్రయాణికుడు జరిగినట్టు... జరిగి నాకు చోటిచ్చింది.

మడమలు కలిపాను. కుడివైపు ఊపిరి వినిపిస్తున్నది. తల తిప్పమని మెడ లాగుతున్నది. తిప్పలేదు. ఎదురుగా చూశాను. బండలు... చీకటి... చూడు, అంటున్నట్టు ఊపిరి ఇంకా దగ్గరికి వచ్చింది. చెవి మీద చల్లగా తగిలింది.

"విసర్జన్" అన్నాను.

నాతోపాటు ఇంకొక గొంతు కూడా అన్నది. నా గొంతులాగే ఉంది. వయసు మాత్రం చిన్నది.

వరస చెదిరింది. నరేందర్ కింద కూలబడి, "ఎన్ని గంటలైంది? మా అమ్మ ఫోన్ చేసి ఉంటది" అన్నాడు. ఒకరిద్దరు ఏడ్చారు. శైలజ నా చొక్కా పట్టుకుని నిలబడింది. తన కాళ్ళు చూసుకుని, "తాత, మంట పుడుతున్నది. ఆకలైతున్నది" అంది.

తార్నాక చౌరస్తాలో బండి దగ్గర మిర్చి బజ్జీలు ఇప్పించాను. మధ్యలోకి కోసి, ఉల్లిపాయ, ఉప్పు, నిమ్మకాయ వేసి ఇచ్చాడు. ఆమె ఇంకా ఇంకా ఉప్పు వేయించుకుని తిన్నది. నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను. నాకు తినాలనిపించలేదు.

శ్రీలలిత ఆ అంకం మొత్తం తీసేసింది. ఇప్పుడది ఇద్దరు అక్కచెల్లెళ్ళ నాటకం. పిల్లలెవరూ ఆ రోజు గురించి మాట్లాడరు. శైలజ కాళ్ళు మానుతున్నాయి. రోజూ కూరలో ఉప్పు తక్కువైందని తల్లితో పోట్లాడుతున్నది. ఆ పోట్లాట వినడానికి నాకు సంతోషంగా ఉంటుంది.

మైదానం నుంచి వచ్చిన మర్నాటి పొద్దున మాత్రం ఒకటి జరిగింది. బాల్కనీలో టీ ఇస్తూ కోడలు నా వెనక ఆగిపోయింది.

"మామా, కటింగ్ ఎప్పుడు చేయించుకున్నరు?"

నేను మంగలి దగ్గరికి పోయి నెల దాటింది. చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. మెడ మీద, చెవుల పైన జుట్టు పొట్టిగా, నున్నగా కత్తిరించి ఉంది. సైన్యంలో చేరిన మొదటి రోజు అందరికీ చేసేది అదే. రాత్రి గది తలుపు లోపలినుంచి నేనే వేసుకున్నాను.

"మొన్ననే" అని అబద్ధం చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళాక చొక్కా విప్పి దులిపాను. కాలరు లోపల తెగిన వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. అరచేతిలో వేసుకుని వెలుతురులో చూశాను. నా తల ఏనాడో ముగ్గుబుట్ట అయింది.

అరచేతిలోవి నల్లగా ఉన్నాయి.