చూసినవాళ్ళలో అమ్మ

“నానమ్మా!”

ఆ కేకకు ఉలిక్కిపడి ఆమె తలెత్తేసరికే ఆలస్యమైపోయింది! ఇస్త్రీపెట్టె పక్కన మనవరాలు బుడంకాయ తన చెయ్యి పట్టుకుని గిలగిలలాడిపోతోంది. లేత అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది. నానమ్మ చేతిలో ఫోను మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది…

కోడలు పరుగున వచ్చి బిడ్డ చేతిని కుళాయి కింద పెట్టింది. “ఆ ఫోనులో ఏముందని అంతలా మునిగిపోతారు అత్తయ్యా! పాలు పొంగిపోతే ఊరుకున్నాను. చొక్కాకి గుండీలు తిరగేసి కుడితే నవ్వుకున్నాను. ఇప్పుడు నా బిడ్డ…” అంటూ భోరుమంది.

ముందుగదిలో కుట్టుమిషను ఆపి వచ్చాడు టైలరు తాతయ్య. “ఈ వయసులో ఫోను పిచ్చేమిటే! సిగ్గుగా లేదూ?” అన్నాడు భార్యతో.

ఆమె ఏమని చెప్తుంది? ఆయనకు ఇష్టంలేని పెళ్ళి చేసుకుని కూతురు వెళ్ళిపోయిన నాడు, “నాకు కూతురే లేదు. దానితో మాట్లాడావో, నా మీద ఒట్టే!” అన్నాడాయన. ఆమె ఒక్క మాటైనా మాట్లాడలేదు. చూస్తుంది, అంతే! కూతురు రోజూ స్టేటస్ పెడుతుంది. కిటికీకి కొత్త తెర. జత కలవని రెండు టీ కప్పులు, పక్కపక్కనే! మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్న అల్లుడు! మర్నాటికి మాయమైపోయే ఆ బొమ్మలను ఆమె పదేపదే తెరిచి మురిసిపోయేది. చూసినవాళ్ళ పేర్లలో ‘అమ్మ’ అని కూతురికి కనబడుతుందని ఆమెకు తెలుసు. ఇద్దరి మధ్యా మిగిలిన పలకరింపు అదొక్కటే!

ఇవాళ కూతురు తానే కుట్టుకున్న జాకెట్టు వేసుకుని, నవ్వుతూ ఫొటో పెట్టింది. చంక దగ్గర ముడత! ఎందుకొచ్చిందా అని పెద్దది చేసి చూస్తుండగానే…

ఆమె మనవరాలి తల మీద చెయ్యి వేసింది. “ఇంక ముట్టుకోను. దీని మీద ఒట్టు!” అని ఫోను కోడలికిచ్చేసింది.

చెయ్యి వింటేనా! కూర తరుగుతూ లేచి, తడిచెయ్యి పైటకు తుడుచుకుని దిండు కింద వెతికేది. కాజాలు కుడుతుంటే బొటనవేలు దానంతటదే గాలిలో పైకి తోసేది. “నానమ్మా, దోమని తోలుతున్నావా?” అని బుడంకాయ పకపకా నవ్వేది. ఒక మధ్యాహ్నం ఫోను దాచిన కోడలి బీరువా దాకా వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది. మంచం మీద కట్టు కట్టిన చిన్నారి చెయ్యి కనబడింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మకి కోపం వచ్చిందనుకుంటుందేమో అక్కడ కూతురు, పిచ్చిపిల్ల…

ఆ వారం గడవకుండానే ఒకనాటి పొద్దున్న వీధి తలుపు దబదబా మోగింది. కోడలు తలుపు తీసింది. రేగిన జుట్టుతో, కాలికో రకం చెప్పుతో గుమ్మంలో ఆడపడుచు!

“అమ్మ… అమ్మ ఉందా వదినా?”

వంటింటి గుమ్మంలో తల్లిని చూసి గడప మీదే కూర్చుండిపోయింది. “రోజూ చూసేదానివి కదమ్మా! నీ పేరు కనబడకపోతే… ఫోను చేస్తే స్విచాఫ్! నువ్వు లేవేమో, నాకు కబురైనా పంపలేదేమో అనుకున్నాను…”

కోడలు నిర్ఘాంతపోయింది. “అయితే అత్తయ్యా, ఇన్నాళ్ళూ మీరు చూసింది…”

మాట్లాడనా అన్నట్టు తల్లి భర్త వంక చూసింది. మిషను ఆగింది. మెడలో టేపుతో ఆయన వచ్చి నిలబడ్డాడు. కూతురి మొహం చూడలేదు, జాకెట్టు భుజం చూశాడు.

“చేతులు తారుమారుగా అతికావు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ముడత పడక ఏం చేస్తుంది? టైలరు కూతురు కుట్టే కుట్టేనా ఇది!”

‘కూతురు’ అనేశాక ఆయన భార్య వైపు తిరిగాడు. “ఏమే, చూస్తావేం! దానికి నీ జాకెట్టొకటి ఇవ్వు. ఇది విప్పదీసి మళ్ళీ కుడతాను.”

“రా తల్లీ…” అందామె. ఎన్నాళ్ళకో ఆ మాట!

లోపలి గదిలో జాకెట్టు విప్పుతున్న కూతురి భుజాలు చూసి ఆమె గుండె చెరువైపోయింది. ఎముకలు తేలి, బెంగతో చిక్కి సగమైపోయింది పిల్ల! ఏ ఫొటోలోనూ ఇది కనబడలేదే…

“ఇదేమిటే! రోజూ నవ్వుతూనే ఉన్నావుగా?”

కూతురు తల్లి భుజంలో మొహం దాచుకుంది.

“నువ్వు చూస్తావని నవ్వేదాన్నమ్మా…”