స్కాలర్‌షిప్ విచారణ

పొద్దు పొడవకముందే సమ్మమ్మ అంబలి కాచి, అత్తకు గిన్నెలో పోసి మూత పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని తలకు పాత గుడ్డ చుట్టుకుంది. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల కాలం. తొడిమలు తీసే ఆడవాళ్లు ఏడింటికల్లా రాశుల దగ్గర కూర్చోవాలి. ఆలస్యమైతే ఆ చోట ఇంకొకరు కూర్చుంటారు.

"స్కాలర్‌షిప్ సంగతి ఏమాయెనే?" చెప్పులు వెతుక్కుంటూ కూతురిని అడిగింది.

అరుణ జడ అల్లుకుంటోంది. "విచారణకు వస్తరట. ఇల్లు చూసి రాసుకపోయినంక మంజూరైతది."

"మన ఇంట్ల చూసేటందుకు ఏమున్నది?"

"ఏం లేదని చూసేటందుకే వస్తరమ్మా."

సమ్మమ్మ నవ్వింది. గడప దగ్గర కూర్చున్న మొగిలమ్మ మాత్రం నవ్వలేదు.

"నా కొడుకు పైసలు పంపితె గీ ఫారాలెందుకు, గీ విచారణలెందుకు? భీమండిల సాంచ మగ్గాలకు కరెంటు సక్కగ ఉంటలేదట. జర కుదురుకుంటె వాడే పంపుతడు," అంది.

అత్తకు సమ్మమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. గిన్నె ఆమె చేతికి దగ్గరగా జరిపి వెళ్లిపోయింది.

వెంకట్రాజం మరమగ్గాల పనికి భీమండి పోయి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది రెండు మనియార్డర్లు వచ్చాయి, తర్వాత ఒక కార్డు. ఆ తర్వాత ఏమీ లేదు. పోయిన ఆగస్టులో అరుణకు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ ఫారంలో తండ్రి వృత్తి, తండ్రి ఆదాయం, తండ్రి సంతకం అని మూడు గళ్లున్నాయి. వాటి ముందు ఆమె రెండు రోజులు కూర్చుంది. తండ్రి చనిపోయినవాళ్లకు తల్లి ఆదాయం, తల్లి సంతకం చాలునని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. చివరి తేదీన తండ్రి పేరు ముందు 'లేట్' అని రాసింది. సమ్మమ్మ వేలిముద్ర వేసింది. అందులో ఏముందని అడగలేదు. కూతురు చూపించిన చోట వేసింది, అంతే.

స్కాలర్‌షిప్ రాకపోతే పరీక్ష ఫీజు కట్టలేరు. ఫీజు కట్టకపోతే అరుణ కూడా తల్లి పక్కనే మిరపరాశి దగ్గర కూర్చోవాలి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆ రోజు ప్రాక్టికల్స్ లేవు. మధ్యాహ్నం బస్సు దిగి వాడ మలుపు తిరిగేసరికి ఏడుపులు వినిపించాయి. ఒకరిది కాదు, పదిమందివి. ఇంటి ముందు జనం. నాయినమ్మ పోయిందనుకుంది అరుణ. పుస్తకాలు రొమ్ముకు పట్టుకుని పరుగెత్తింది.

నాయినమ్మ బతికే ఉంది. వాకిట్లో దుమ్ములో కూర్చుని రొమ్ము బాదుకుంటోంది.

"కొడుకా! నీ నోట్ల నీళ్లెవలు పోసిండ్రు కొడుకా! నీ మీద మట్టెవలు పోసిండ్రు!"

పక్కన సమ్మమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. తలకు గుడ్డ అట్లాగే ఉంది. నొసట బొట్టు లేదు. ఎవరో తుడిచిన చోట చర్మం ఎర్రగా ఉంది.

పొరుగింటి యాకమ్మ ఎదురొచ్చి అరుణను చుట్టుకుంది. "మీ నాయిన పోయిండట బిడ్డా! ఆఫీసు సారు వచ్చి సచ్చిపోయిన వెంకట్రాజం ఇల్లు ఇదేనా అని అడిగిండు. ముసల్ది అక్కడికక్కడ్నే కూలవడ్డది. నేనే ఉరికిపోయి మీ అమ్మను తోలుకొచ్చిన."

వేపచెట్టు కింద కుర్చీలో ఒకాయన ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. మండలాఫీసు నుంచి విచారణకు వచ్చిన గిర్దావర్ రాజేశ్వర్ రావు. మండలాలు పడి ఏడాది కూడా కాలేదు. ఆయనకు ఈ వాడ కొత్త. ఏం తప్పు చేశాడో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

కులపెద్ద పోశయ్య ఆయన ముందు నిలబడి అడుగుతున్నాడు. "ఏనాడు పోయిండో ఆ కాయితంల లేదా సారూ? పదో దినం ఎప్పుడో లెక్క చూడాలె. ఈ కోడలు పిల్ల గాజులు తీయాలె."

"నాకేం తెలుసునయ్యా? ఫారంల రాసి ఉన్నది, నేను అడిగిన," అన్నాడు గిర్దావర్.

పోశయ్య అరుణను చూశాడు. "నువ్వు చదువుకున్నదానివి. మీకు ఉత్తరమొచ్చిందా బిడ్డా? మీ నాయిన ఎప్పుడు పోయిండు?"

ఏడుపులు కొంచెం తగ్గాయి. అందరూ ఆమె వైపే చూశారు.

"పోలేదు," అంది అరుణ. పుస్తకాలు కింద పెట్టింది. మళ్లీ అంది. "సచ్చిపోలేదు పెదనాయినా. స్కాలర్‌షిప్ కోసం నేనే అట్ల రాసిన."

ఏడ్చినవాళ్లు ఒక్కొక్కరే కొంగుతో ముక్కు తుడుచుకుని లేచారు. "థూ, గిదేం చదువే!" అని ఎవరో అనడం వినిపించింది.

మొగిలమ్మ లేచి వచ్చింది. మనుమరాలి చెంప మీద కొట్టింది. మళ్లీ ఆ చెంపనే రెండు చేతులా పట్టుకుంది.

"ఉన్నడా? నా కొడుకు ఉన్నడా? ఉన్నోన్ని ఎట్ల సంపితివే?"

"ఉంటె సంతకం ఏదే నాయినమ్మా?" అరుణ ఏడుస్తూ అరిచింది. "ఆదాయమెంత అని అడుగుతరు. ఎక్కడుంటడని అడుగుతరు. ఏమని రాయాలె? కరెంటు లేదని రాయాల్నా?"

జనం పోయారు. పోశయ్య, యాకమ్మ మిగిలారు. సమ్మమ్మ నీళ్ల గోలెం దగ్గర ముఖం కడుక్కుని వచ్చింది. కూతుర్ని తిట్టలేదు.

"నాకొక్క మాట చెప్పకపోతివా బిడ్డా," అంది.

"చెప్తె వద్దందువు."

"అందునో, అనకపోదునో." సమ్మమ్మ నేల చూస్తూ మాట్లాడింది. "అందరు ఏడుస్తాంటె నాకు ఏడుపు రాలే. గుండె మీది బండ దిగినట్టయింది. ఇగ ఎదురుచూసే పని లేదనుకున్న. ఒక ఆడిది అట్ల అనుకోవచ్చునా?" అప్పుడు ఏడ్చింది.

అరుణ తల్లి కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. తాను ఒక్క మాట రాసింది. ఆ మాట తల్లిని ఇంత లోతుగా తవ్వుతుందని ఆమెకు తోచలేదు.

గిర్దావర్ దగ్గాడు. "అమ్మాయీ, తప్పు రాస్తే స్కాలర్‌షిప్పే కాదు, సీటు కూడా పోతది. నేనింకా రిపోర్టు రాయలేదు. ఉన్నదున్నట్టు రాస్తే దారి ఉన్నది. మనిషి ఇల్లు ఇడిసి పోయిండు, ఆధారం లేదు అని పంచనామా రాస్త. కాని భార్య మాట ఒక్కటే చాలదు. అటు దిక్కు మనిషి చెప్పాలె." మొగిలమ్మ వైపు చూశాడు. "తల్లి చెప్తే సరిపోతది."

"ఏం చెప్పాలె?" అంది మొగిలమ్మ.

"మీ కొడుకు పెళ్లాన్ని, బిడ్డను ఇడిసిపెట్టిపోయిండని."

"ఇడిసిపెట్టలే! పనికి పోయిండు."

"తొమ్మిదేండ్లాయె కదా అమ్మా."

"పనికి పోయిండంటాన!"

అరుణ ఏదో అనబోయింది. సమ్మమ్మ చెయ్యి పట్టి ఆపింది. "ఇష్టం లేకుంటె వద్దు సారూ. పెద్దమనిషి. కడుపుకోత ఆమెది. చదువు పోతె పోనియి. నా పక్కన ఇంకొక్కరికి చోటు దొరుకుతది."

ఆ మాటకు మొగిలమ్మ కోడలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. బొట్టు లేని ఆ ముఖం ఆమె ఇదివరకు చూడలేదు. మెల్లగా గోడ పట్టుకుని కూర్చుంది.

"రాయి సారూ," అంది.

గిర్దావర్ కలం తీశాడు.

"నా కొడుకు వెంకట్రాజం బతికే ఉన్నడు. భీమండిల ఇంకో ఆడిదాన్ని చేసుకున్నడు. ఇద్దరు పిల్లలు. ముందటి సమ్మక్క జాతరకు, వాని తోటి పనిచేసే కట్టయ్య అచ్చినప్పుడు చెప్పిండు. ఎవలకు చెప్పకని వాని చేతుల ఒట్టేయించుకున్న." ఊపిరి తీసుకుంది. "ఈ పిల్లను సాదింది నా కోడలు. నన్ను సాదింది నా కోడలు. నా కొడుకు సాదలే. గిట్లనే రాయి."

పోశయ్య తల వంచుకున్నాడు. గిర్దావర్ తన ఆఫీసు భాషలో రాసి చదివి వినిపించాడు. ఆమె వేలిముద్ర వేసింది. వేలికి అంటిన సిరాను యాకమ్మ కొంగుతో తుడిచింది. పోశయ్య సాక్షి సంతకం పెట్టాడు. తప్పు ఒప్పుకుంటూ అరుణ ఒక కాయితం రాసిచ్చింది. మంజూరు తన చేతుల్లో లేదని చెప్పి గిర్దావర్ స్కూటర్ ఎక్కాడు. పోశయ్య, యాకమ్మ కూడా వెళ్లిపోయారు.

ముగ్గురే మిగిలారు.

"రెండేండ్లాయెనా అత్తా నీకు ఎరుకై?" అంది సమ్మమ్మ.

"ఎరుకైతె పుట్టింటికి పోతవని భయమేసింది. నేనెవలను నీకు అప్పుడు? రోజుకొక్క అబద్ధం చెప్పుకుంట నిన్ను ఆపుకున్న." మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ పోతవా?"

సమ్మమ్మ గడప దగ్గరికి పోయి గిన్నె మూత తీసింది. పొద్దుట పోసిన అంబలి అట్లాగే ఉంది. తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"రెండేండ్లు నువ్వొక్కదానివే మోసినవా అత్తా," అంది. "తాగు. ఏడికి పోత నేను?"

రెండు గుక్కలు తాగింది మొగిలమ్మ. గిన్నె దించి మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి రొమ్ము బాదుకోలేదు, కొడుకు పేరు పిలవలేదు. కొడుకు చచ్చాడన్నప్పుడు వాడకట్టంతా వచ్చింది. ఇప్పుడు ఎవరూ రాలేదు. కోడలు ఒక పక్క, మనుమరాలు ఒక పక్క కూర్చున్నారు.