ఖాళీ చాంబర్

స్పోకేన్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో, కారు సీట్లో వాలి ఉన్న మనిషి నిద్రపోతున్నాడని అనుకున్నారంతా. గార్డు తలుపు తెరిచాక తెలిసింది, ప్రాణం లేదని.

మోంటానాలోని రోవన్ క్రీక్‌కి ఆ కబురు చేరేసరికి వెండెల్ తుపాకుల కౌంటర్ అద్దం తుడుస్తున్నాడు. ముందు మేకులు, రంగు డబ్బాలు, వెనక తుపాకులు అమ్మే షాపు అది. ఊరందరికీ అతను వెండెల్. అసలు పేరు లైల్. ఆ పేరు ఇంకొకరి నోట విని నాలుగేళ్లయింది.

ఫోన్లో గూఢచారి శాఖ చీఫ్ గొంతు. "మన కొరియర్ పోయాడు."

"కోడ్ వాళ్లకి చిక్కిందా?"

"తెలీదు. మార్చే టైం లేదు. బదులుగా మన ఆఫీసు నుంచే ఒకామె బయల్దేరింది. మరెక్‌ని సరిహద్దు దాటిస్తుంది."

మరెక్ క్షిపణుల శాస్త్రవేత్త. స్వదేశం నుంచి పారిపోయి వచ్చి, కొండల్లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు. అతని దేశపు గూఢచారులు అతని కోసం గాలిస్తున్నారు. ఆఫీసులో లీకులు మొదలయ్యాక అతనున్న చోటు లైల్‌కి తప్ప ఎవరికీ తెలియకుండా చేశారు.

"ఆమె వాళ్లకి అమ్ముడుపోయి ఉంటే?"

"అది నువ్వే తేల్చాలి. పొరబడ్డావో, మరెక్ శవమవుతాడు."

ఫోన్ ఆగిపోయింది.

మర్నాడు ఆమె వచ్చింది. ఎర్రటి జుట్టు, పాత తోలు జాకెట్, మనిషిని నిలబెట్టేసే నవ్వు.

"చిన్న రివాల్వర్ కావాలండీ. వేటకి కాదు. కాగితం టార్గెట్లకి, ఖాళీ డబ్బాలకి."

లైల్ చేతిలో గుడ్డ ఆగింది. "బ్యారెల్ పొడుగుదా, పొట్టిదా?"

"కాగితానికి చాలినంత పొడుగు, డబ్బాకి చాలినంత పొట్టి."

కోడ్ పొల్లుపోలేదు.

పక్కన కాఫీ తాగుతున్న ముసలి రైతు ఎల్బర్ట్ తల గోక్కున్నాడు. "అదేం జవాబు తల్లీ? ఆరంగుళాలని చెప్తే పోలా?"

"సరే పెద్దాయనా, ఆరంగుళాలే!" అని ఆమె నవ్వింది.

లైల్ ట్వంటీటూ రకం చిన్న రివాల్వర్లు రెండు కౌంటర్ మీద పెట్టాడు. "రెంటికీ తూటాలు చవక, కుదుపు ఉండదు. ఇది సింగిల్ యాక్షన్. ప్రతిసారీ హామర్‌ని బొటనవేలితో లాగాలి. డబ్బాలతో ఆడుకోవడానికి సరదాగా ఉంటుంది. ఇది డబుల్ యాక్షన్. ట్రిగ్గర్ నొక్కుతూ పోవచ్చు, గురి కావాలంటే హామర్ లాగి మెత్తగానూ పేల్చొచ్చు. కాస్త బరువు. ఆ బరువే చేతిని వణకనివ్వదు. గురి చూసే సైటుని సరిచేసుకునే స్క్రూ కూడా ఉంది. టార్గెట్లకి అది లేనిది కొనకండి."

ఆమె రెండోది అందుకుంది. మూతి నేలకి తిప్పి, సిలిండర్ తెరిచి, ఖాళీ అని చూసుకుంది. వేలు ట్రిగ్గర్ దరిదాపులకి పోలేదు.

"పెంపకం తెలుస్తోంది," అన్నాడు ఎల్బర్ట్.

"వయోమింగ్‌లో పుట్టాను. మా నాన్న కంచె మీద డబ్బాలు పేర్చి నేర్పాడు."

"ఒరే అబ్బాయ్, ఇలాంటి పిల్ల మళ్లీ దొరకదురా. తగ్గించి ఇవ్వు!" అంటూ ముసలాయన ట్రక్కు వైపు నడిచాడు.

కాగితాల పని అయ్యాక ఆమె ముందుకి వంగింది. "నా పేరు కోరలీ. ఎలా ఉన్నావు, లైల్?"

అంతే. ఒక్క క్షణం తను ఏజెంట్ అన్న సంగతే మరిచిపోయాడు అతను. "రేపు మధ్యాహ్నం, కంకర గుంట దగ్గర. మరెక్ ఉన్న చోటు అక్కడ చెప్తాను."

ఆ సాయంత్రం హోటల్లో వెయిట్రెస్ ఎప్పట్లాగే ఎదుటి సీటు ముందున్న ప్లేటు తీసేయబోయింది. ఉండనివ్వమన్నాడు లైల్. ఎవరూ రాలేదు. వస్తారనీ కాదు.

కంకర గుంటలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. లైల్ రాయి మీద సోడా డబ్బాలు వరసగా పెట్టి, ఫ్లాస్కు పక్కన కూర్చున్నాడు. ఫ్లాస్కు అడుగున రేడియో. మూత ఎడమకి తిప్పితే, రోడ్డు మరమ్మతు కూలీల వేషంలో ఉన్న చీఫ్ మనుషులకి పిలుపు అందుతుంది. కుడికి తిప్పితే ఉత్త కాఫీ.

కుడికి తిప్పాలనే ఉంది అతనికి.

కోరలీ తూటాలు ఎక్కిస్తోంది. ఒక్కోటీ సగం దిగి ఆగిపోతోంది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. "కొత్తది కదా, బిగుతు."

అతను వంగి చూశాడు. సిలిండర్లో తూటాలు పట్టే చాంబర్ల అంచుల మీద తళతళలాడే నొక్కులు. షాపులో అవి లేవు.

"మీ నాన్న ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కనిచ్చేవాడా?" మామూలుగా అడిగాడు. లేదని చెప్పు, అని మనసులో బతిమాలుకున్నాడు.

"రోజూ సాయంత్రం! చెయ్యి నిలకడైంది అలాగే. రాత్రి మోటెల్లో కూడా చాలాసేపు చేశాను."

ఈ చిన్న తూటాని పేల్చే పిన్ను దాని మధ్యలో కాదు, అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే ఆ దెబ్బ చాంబర్ ఉక్కుకే. అంచు నొక్కుకుపోతుంది, పిన్ను మొద్దుబారుతుంది. ఈ కొండల్లో ఏ పిల్ల ఆ పని చేసినా తండ్రి నెత్తిన మొట్టి, తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పెద్ద పిస్తోళ్లకి ఈ బెడద ఉండదు; వాటితో హంతకుల్ని తయారుచేసే బడుల్లోనే గంటల తరబడి ఖాళీగా నొక్కిస్తారు.

ఆమెకి ఎవరో నేర్పారు. కంచె పక్కన నాన్న మాత్రం కాదు.

మూత ఎడమకి తిప్పాడు. "కాఫీ తాగుతావా?"

"నీ మొహం మారింది, లైల్." రివాల్వర్ అతని ఛాతీ వైపు లేచింది. "మరెక్ ఎక్కడ?"

"చెప్పకపోతే?"

"ఇక్కడే పడుంటావు. నీ కోసం వెతికేవాళ్లెవరున్నారు?"

"ఎల్బర్ట్ ఉన్నాడు," అన్నాడు లైల్. "కాఫీ టైంకి."

దూరంగా రోడ్డు రోలర్ చప్పుడు. ఆమె అటు చూసి పళ్లు కొరికింది. "ఆఖరిసారి అడుగుతున్నా!"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ట్రిగ్గర్ నొక్కింది.

టక్.

పేలలేదు. మళ్లీ నొక్కేలోపు లైల్ ఎగిరి సిలిండర్‌ని పిడికిట్లో బిగించాడు. సిలిండర్ తిరగనిదే ట్రిగ్గర్ వెనక్కి రాదు. ఆమె రెండు చేతులా లాగింది. అతని వేళ్ల చర్మం చిట్లింది. పట్టు వదల్లేదు. నారింజ రంగు చొక్కాల్లో చీఫ్ మనుషులు గుంటలోకి దూకి ఆమెని పట్టుకున్నారు.

బేడీలు పడ్డాక కోరలీ అడిగింది. "కోడ్ సరిగ్గా చెప్పాను. ఎక్కడ దొరికాను?"

"వయోమింగ్‌లో."

ఆమె అర్థం కానట్టు చూసింది. "పోనీలే, లైల్," అంది.

ఆ పేరు మళ్లీ ఎప్పుడు వింటాడో! బండి దుమ్ము అణిగేదాకా నిలబడి, ఒక్క తూటా కూడా తగలని డబ్బాలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. ఇక్కడ ఎవరి డబ్బాలు వాళ్లే ఇంటికి తీసుకెళ్లాలి.

చీఫ్ ఫోన్ చేసి, మరెక్‌ని లైల్ చెప్పిన చోటి నుంచి తనే వెళ్లి సరిహద్దు దాటించానన్నాడు. "నిన్ను పట్నానికి మార్చమంటావా, వెండెల్?" అని అడిగాడు. చీఫ్ కూడా ఆ పేరుతోనే పిలిచాడు. అక్కర్లేదన్నాడు లైల్.

పొద్దున్నే ఎల్బర్ట్ కౌంటర్ మీదికి వాలాడు. "ఏరా, ఆ పిల్ల ఏది?"

"తుపాకీ వాపసు వచ్చింది పెద్దాయనా. ఖాళీగా నొక్కి పాడుచేసింది."

"అయ్యో! పెంపకం బాగుందనుకున్నానే!" ముసలాయన రివాల్వర్‌ని జాలిగా చూశాడు. "మరి దీన్నిప్పుడు ఎవరు కొంటారు?"

లైల్ కొత్త పిన్ను బిగిస్తూ అన్నాడు. "నేనే కొన్నాను. డబ్బాలు ఇద్దరికి సరిపడా ఉన్నాయి. ఆదివారం ఖాళీయేనా?"