బుచ్చయ్య పడవ చెప్పిన బదులు

కాళేశ్వరం రేవులో బోర్లించి ఉన్న ఆ పాత తెరచాప పడవ దగ్గరికి చీకటి పడితే ఎవరూ పోయేవారు కాదు. దాన్ని చేసిన బుచ్చయ్య చనిపోయి ఏడాదైంది. అయినా లోపలినుంచి ఎవరో కొడుతున్న చప్పుడు వస్తుందనేవారు...

అవి రజాకార్ల రోజులు. ఉప్పలయ్య తాత ముసలితనంలో తనే చెప్పిన సంగతి ఇది. ఆయనా పడవలు చేసేవాడే. కానీ రేవులో ఎవరి నోట విన్నా బుచ్చయ్య పడవ, బుచ్చయ్య పడవ! చచ్చినవాడి మీద కూడా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు, మహానుభావుడు.

ఓ రాత్రి, రజాకార్లతో పోరాడే దళం కబురు పంపింది. గాయపడ్డ ముగ్గురిని తెల్లారేలోగా గోదావరి దాటించాలి. బుచ్చయ్య పడవ ఇంకా పనికొస్తుందో లేదో ఉప్పలయ్య చూసి చెప్పాలి.

పుచ్చిందని చెప్పి తన పడవ ఇవ్వాలని ముందే అనుకున్నాడు — తన దాంట్లో నీళ్లు ఊరతాయని తెలిసి కూడా. అయినా చూసినట్టు ఉండాలి కదా, సుత్తి పట్టుకుని పోయాడు.

పాత పడవను ఇద్దరు కలిసి చూస్తారు. బయటివాడు పలక మీద కొడతాడు. లోపలివాడు చెవి ఆనించి విని, చెక్క గట్టిదైతే ఒక దెబ్బ, పుచ్చిందైతే రెండు దెబ్బలు బదులు కొడతాడు. చిన్నప్పటినుంచి బుచ్చయ్య, ఉప్పలయ్య అలాగే చూసేవారు.

ఉప్పలయ్య పడవ ముక్కు మీద కొట్టాడు.

లోపలినుంచి — ఠక్.

పక్క పలక మీద కొట్టాడు. ఠక్. ఇంకో పలక. ఠక్. భయం కన్నా కడుపుమంటే ఎక్కువైంది. చచ్చి కూడా తన పనే గొప్పని చెప్పుకుంటున్నాడు!

చుక్కాని దగ్గర ఒక పలక ఉంది. బుచ్చయ్య మంచం పట్టినప్పుడు, మరమ్మతు పేరుతో టేకు తీసేసి తొందరగా పుచ్చిపోయే బూరుగు చెక్క వేసి, పైన తారు పూసింది ఉప్పలయ్యే. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. దాని మీద మెల్లగా కొట్టాడు.

ఠక్... ఠక్.

సుత్తి జారిపోయింది. "తప్పయిందిరా బుచ్చిగా..."

పడవ అంచు కిందినుంచి పాక్కుంటూ వచ్చింది నర్సమ్మ, బుచ్చయ్య పెండ్లాం. "మెల్లగ అన్నా! గాయపడ్డోళ్లు లోపల్నే ఉన్నరు. ఎవ్వరు రావద్దని నేనే రోజు చప్పుడు చేస్తున్న. నువ్వు కొడుతుంటే ఆయన లెక్క బదులిచ్చిన."

ఉప్పలయ్యకు ప్రాణం లేచొచ్చింది. తల మాత్రం లేవలేదు. తన పడవ టేకు పలకే ఊడదీసి తెచ్చి, ఆ బూరుగు చెక్క స్థానంలో బిగించాడు. తెల్లారేసరికి ముగ్గురూ అవతలి ఒడ్డు చేరారు.

అప్పుడడిగాడు — "చుక్కాని కాడి చెక్క మంచిగ లేదని నీకెట్ల ఎరుక నర్సమ్మా? రెండు దెబ్బలు కొడితివి..."

"రెండా?" నర్సమ్మ ఆయన మొహంలోకి చూసింది. "మేమందరం ముక్కు దిక్కే ఉన్నం. చుక్కాని దిక్కు ఎవ్వరు లేరన్నా."